అలకూ అలకకూ మధ్య ఓ పడవ

గంగరాజు పేరులో గంగా ఉంది, రాజూ ఉన్నాడు. గంగకి లోటు లేదు. గణపవరానికి పడమటగా, కొల్లేటి అంచున ఉన్న కొంగలలంకలో అతనికి పద్దెనిమిదెకరాల చేపలచెరువూ, ఆ చెరువుగట్టుని ఆనుకునే ఇల్లూ ఉన్నాయి. వానాకాలంలో గంగ గుమ్మందాకా వచ్చి పలకరించి వెళ్తుంది. రాజు మాత్రం ఇంట్లో ఎక్కడున్నాడో అరవై ఏళ్ళుగా ఎవరికీ కనబడలేదు. కారణం, ఆ ఇంట్లో రాణులు ఇద్దరు. ఒకావిడ ఎనభై ఆరేళ్ళ తల్లి వెంకటనరసమ్మ, రెండో ఆవిడ భార్య శేషారత్నం. పేకలో రాణికంటే రాజు పెద్ద అని నిర్ణయించినవాడెవడో పెళ్ళికానివాడై ఉంటాడు.

ఆ ఇంట్లో మార్గశిరం వచ్చి పదిహేను రోజులైనా కొరమీను పులుసు కాగలేదు.

ఇదేమంత సంగతి అనుకునేవాళ్ళు కొల్లేటి నీళ్ళు తాగనివాళ్ళు. కార్తీకం నెల్లాళ్ళూ గంగరాజు నీచు ముట్టడు. ఆనపకాయకి, బీరకాయకి, కందాబచ్చలికి దణ్ణంపెట్టి, శివుడికోసం నోరు కట్టుకుంటాడు. పోలిని స్వర్గానికి పంపిన మర్నాడు ఆ నోటి కట్టు విప్పేది శేషారత్నం కాచే కొరమీను పులుసే. ఈసారి పోలి వెళ్ళింది గానీ, స్వర్గం గంగరాజు కంచంలోకి రాలేదు. అత్తగారు తిననన్నది. అత్తగారు తిననిది కోడలు వండనన్నది. చెరువునిండా చేపలు పెట్టుకొని ఇంట్లో కొరమీనుకి కొరత. కార్తీకంలో దేవుడికోసం మానేశాడు, మార్గశిరంలో దేనికోసం మానేశాడో చెప్పుకోడానికి కూడా లేకపోయింది.

అంతటికీ కారణం రేడియో.

కార్తీకంలోనే, విజయవాడ రేడియో కేంద్రంవాళ్ళు స్త్రీల కార్యక్రమంలో కొల్లేటి వంటల గురించి మాట్లాడేవాళ్ళు కావాలని గణపవరంలో మహిళా సంఘాన్ని అడిగారు. సంఘంవాళ్ళు ఏకగ్రీవంగా శేషారత్నం పేరు చెప్పారు. ఆమె పులుసు అలాంటిది. అలాంటి పులుసు పెట్టలేదని ఉండి ఊరి పెళ్ళివారు తణుకు పెళ్ళివారికి మర్యాద తగ్గించిన సందర్భాలున్నాయి. శేషారత్నం నీచు ముట్టని నెలలో, నోట్లో నీళ్ళూరుతుంటే, పది నిమిషాలపాటు పులుసు గురించి రికార్డు చేయించుకొని వచ్చింది. తోడుగా కాంతం వెళ్ళింది. కాంతం గంగరాజు పినతండ్రి కోడలు. ఆమె దగ్గర చెప్పిన రహస్యానికి రేడియో అక్కర్లేదు.

తిరిగొచ్చిన సాయంత్రమే కాంతం అరుగుమీద చేరి వెంకటనరసమ్మ చెవిలో వేసింది. ఆ ముసలావిడకి ఎడమ చెవి వినబడదు, అందుకని కుడి చెవిలో వేసింది. "ఈ పులుసు ఎవరిదమ్మా అని అక్కడావిడ అడిగారు పెద్దత్తయ్యా. శేషారత్నం అక్క ఇదుగో, ఇలా గుండెలమీద చెయ్యేసుకొంది" అని తన గుండెలమీద చెయ్యేసి చూపించింది కూడా.

అంతే. వెంకటనరసమ్మ ఏడవలేదు, అరవలేదు. ఆ పులుసు ఆవిడ అత్తగారినుంచి ఆవిడకి వచ్చింది, ఆవిడనుంచి కోడలికి వచ్చింది. "నాకు మజ్జిగన్నం చాలు" అంది. గోదావరి జిల్లాల్లో మజ్జిగన్నం చాలు అన్న మాటకి మించిన తిట్టు లేదు.

గంగరాజు భార్యని వంటింట్లో పట్టుకున్నాడు. కాంతం రికార్డింగు గది అద్దం అవతల కూర్చుందనీ, లోపల మాట్లాడేది అవతలికి చీమంతైనా వినబడదనీ, తను గుండెలమీద చెయ్యి వేసుకున్నది భయానికనీ శేషారత్నం చెప్పింది. అక్కడితో ఊరుకుంటే పోయేది. గంగరాజు ఊరుకోలేదు. అయితే నువ్వు లోపల ఏం చెప్పావు అని అడిగాడు.

శేషారత్నం గరిటె కింద పెట్టింది. "ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేసి, మీరు కూడా అడుగుతున్నారాండీ? రేడియోలో వస్తుందిగా. వినండి" అంది. మళ్ళీ నోరు విప్పితే ఒట్టు.

తల్లిదీ అదే తీర్పు. "ఒరే అబ్బాయ్, రేడియోలో వింటాను. మనుషులు చిలవలు కలుపుతారు. రేడియో కలపదు. అది చెప్పిందాకా నన్నేమీ అడక్కు."

అంచేత గంగరాజు పని తేలిక చేసి చెప్పాలంటే ఇది. తల్లిది అలక, రేడియోది అల. అల దొరికితే గానీ అలక తీరదు. మార్గశిరంలో పదిహేడో రోజు సాయంత్రం ఐదున్నరకి ఆ అల ఒక్కసారే వస్తుంది. మళ్ళీ వెయ్యరట. పట్టుకుంటే పులుసు, లేకపోతే ఈ అలక ఎన్ని మార్గశిరాలు పోతుందో ఎవరూ చెప్పలేరు. వెంకటనరసమ్మ ఒకసారి ఆడపడుచుతో పదకొండేళ్ళు మాట్లాడలేదు. అది అల్లం గురించి.

ఫోనులో వినిపిస్తే పోదా అని మీరనుకోవచ్చు. గంగరాజు కూడా అనుకున్నాడు. అయితే రెండేళ్ళ కిందట మనవడు చరణ్‌తేజ ఫోనులో గొంతు మార్చే ఏదో తమాషా పెట్టి, రేడియో వార్తల గొంతులో "కొంగలలంక వెంకటనరసమ్మగారికి ఉత్తమ వడియాల పురస్కారం" అని చదివించాడు. ఆవిడ నమ్మి వీధంతా చెప్పుకొంది. ఆ తరవాత ఫోనులోంచి వచ్చే మాట ఏదైనా ఆవిడకి కుర్రాళ్ళ కూతే. రేడియో అంటే బల్లమీద ఉండాలి, దానికి బిరడాలుండాలి, తిప్పితే పలకాలి.

ఆ రేడియో ఉంది. బీరువామీద, అల్లిక గుడ్డ కింద, ఇటుకరాయంత బరువుతో ఉంది. కాకపోతే రెండేళ్ళుగా పలకడంలేదు. పలకడం లేదంటే నోరు మూసుకుందని కాదు, నోరు తెరిస్తే నూనెలో మిరపకాయలు వేసినట్టు గరగర. గంగరాజు దాన్ని ఏలూరు తీసుకెళ్ళి, ఇంకా పాత రేడియోలు విప్పగలిగిన ఒకే ఒక్క మెకానిక్కు ముందు పెట్టాడు. అతను విప్పాడు, చూశాడు, మూశాడు. సెట్టు సెట్టయ్యే ఉందండి, సెట్టవ్వాల్సింది మీ ఊరేనండి అన్నాడు. అన్నట్టే ఆ కొట్టులో పెడితే గరగరలోంచి కాస్త మాట వినబడింది, ఇంటికి తెస్తే మాటలోంచి గరగర కూడా పోయి ఉత్త గర్జన మిగిలింది.

గంగరాజు ఇల్లంతా వేట మొదలెట్టాడు. ఎల్‌ఈడీ బల్బు ఆర్పితే గరగరలో ఒక గర తగ్గింది. ఫోను చార్జరు పీకితే ఇంకో గర తగ్గింది. ఇన్వర్టరు, టీవీ పెట్టె, దోమలబ్యాటు అన్నీ కట్టేసి, చివరికి మెయిను కూడా దించి, చీకటింట్లో రేడియో చంకనపెట్టుకొని తిరిగాడు. దూరంనుంచి చూసిన యోసేపు, అయ్యగారు పసిబిడ్డని జోకొడుతున్నారనుకున్నాడట. యోసేపు చెరువు చూసుకునే మనిషి, మేత పడవ నడిపేదీ అతనే. అన్నీ ఆపినా గర్జన ఆగలేదు. గోడ అవతల ట్రాన్స్‌ఫార్మరుంది, ఆ అవతల ముప్ఫై ఎకరాల రొయ్యల చెరువులు, వాటిలో నీటిని చిలికే ఏరియేటర్లు, వాటి మోటార్లు. పోనీ ఆ పది నిమిషాలూ కరెంటు ఆపించమని లైన్‌మన్‌ని బతిమాలితే, రొయ్యలు ఊపిరాడక తేలితే తను కూడా తేలాలని అతను చెప్పాడు. అడక్కుండా పోయే కరెంటు అడిగితే పోదు.

రేడియో ఒక్క ముక్క పలకదు, కంచంలో ఒక్క ముక్క పడదు. పులుసు లేని మగవాడు అందరికీ అలుసే. గంగరాజు స్కూటరు తీసి తాడేపల్లిగూడెం బయల్దేరాడు.

గూడెంలో దత్తాత్రేయులు మాష్టారున్నారు. హైస్కూల్లో గంగరాజుకి సైన్సు చెప్పారు. గంగరాజు తెలుగు మీడియంలో పది రెండుసార్లు తప్పింది ఆ సైన్సులోనే. తెలుగు మీడియమే అందనివాడికి మీడియం వేవు ఏమి అందుతుందని మాష్టారు అనుమానించలేదు, అది ఆయన గొప్పదనం. కళ్ళజోడు తుడుచుకొని, సంగతంతా విని, ముందు అత్తాకోడళ్ళ భాగం ఇంకోసారి చెప్పించుకొని నవ్వారు. తరవాత రేడియో వెనక మూత విప్పి, లోపల అడ్డంగా పడుకున్న నల్లటి కడ్డీని పెన్సిలుతో చూపించారు.

మాష్టారు చెప్పినదాంట్లో గంగరాజుకి మిగిలింది ఇదీ. జబ్బులు రెండు. గరగర ఊళ్ళోది, తీగలున్నచోటల్లా ఉంటుంది. దానికి మందు తీగల్లేని చోటికి పోవడమే. రెండోది ఇంకా రాలేదు, ఐదున్నరకి వస్తుంది. పగలు రేడియో అల నేలబారున నడిచి వస్తుంది గనక దగ్గర స్టేషనే వినబడుతుంది. పొద్దు వాలిందంటే దూరం స్టేషన్ల అలలు ఆకాశం పైకప్పుకి తగిలి కిందికి దిగుతాయి. దక్షిణాదిన ఎక్కడో, సముద్రానికి అటుపక్కో ఇటుపక్కో, విజయవాడకి పక్కనే ఇంచుమించు అదే నంబరుమీద ఇంకో స్టేషను ఉంటుంది. రెండూ ఒకేసారి మాట్లాడతాయి.

ఇది గంగరాజుకి చప్పున అర్థమైంది. రెండు స్టేషన్లు ఒకేసారి మాట్లాడటం అతనికి ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు. వంటింట్లోంచి వచ్చే ఆ కార్యక్రమంలో ఎవరు ఏమన్నారో తెలియదు, తిట్టు మాత్రం శ్రోతలకే.

"దానికీ మందుందయ్యా" అన్నారు మాష్టారు. "ఈ కడ్డీయే దీని చెవి. ఇది పక్కలతో వింటుంది. రెండు కొసలూ చెవుడు. నీకు అక్కర్లేని స్టేషనుకి కొస చూపించు. అంటే రేడియో కొసలు ఉత్తర దక్షిణాలకి, ముఖం పడమటికి. మొహం విజయవాడ వైపు, చెవుడు అవతలి వాడి వైపు. ఇసుమంత తిరిగినా మళ్ళీ దూరతాడు, జాగ్రత్త."

"మా అమ్మకి కూడా ఒక పక్కే వినబడుద్దండి" అన్నాడు గంగరాజు.

"అయితే ఇద్దర్నీ కొలతపెట్టి కూర్చోబెట్టు."

మాష్టారు రెండు కొసలకీ సుద్దముక్కతో గుర్తు పెట్టబోయారు. కాఫీ తెచ్చిన ఆయన భార్య సీతారావమ్మగారు, సుద్ద చెరిగిపోతుందండీ అని, తన అద్దంమీంచి రెండు బొట్టుబిళ్ళలు తీసి చెరో కొసకీ అంటించారు. అలా గంగరాజు రేడియోకి బొట్టుపెట్టి ఇంటికి తెచ్చాడు.

ఇక తీగల్లేని చోటు ఎక్కడ? గణపవరంనుంచి ఏలూరుదాకా స్తంభంలేని ఎకరం లేదు. తల్లిని కారెక్కించి దూరం తీసుకెళ్దామంటే, ఆవిడకి కారు తలుపు తీసిన చప్పుడికే వాంతి వస్తుంది. ఈ గోడు గట్టుమీద యోసేపుకి చెప్పుకుంటే, అతను మేత బస్తా దించుతూ, కొల్లేటి నడిమికి పదండి అయ్యగారూ, కరెంటోళ్ళు నీళ్ళల్లో స్తంభం పాతలేదు గదండీ అన్నాడు. వలేసినప్పుడల్లా తన చిన్న రేడియో అక్కడ గాజుగ్లాసు మోగినట్టు పలుకుతుందట. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, మీరెప్పుడు అడిగారండీ అన్నాడు.

పడవెక్కమని తల్లిని ఎలా ఒప్పించాలా అని గంగరాజు రాత్రంతా మాటలు కూడబెట్టాడు. తీరా అడిగితే, ఆవిడ కుర్చీ ఉంటుందా అని మాత్రం అడిగింది. ఉంటుందన్నాడు. రేడియో చూసి, దీనికి బొట్టెవరు పెట్టారురా అంది. మాష్టారుగారి భార్య అన్నాడు. కాటుక కూడా పెడితే బాగుండేది, రెండేళ్ళనుంచి దిష్టి తగిలే పడుంది అంది.

పదిహేడో రోజు సాయంత్రం ఐదింటికి కొల్లేటి గట్టున మేత పడవ సిద్ధమైంది. అది వెడల్పాటి రేకు పడవ. దాని నడుమ నీలం ప్లాస్టిక్కు కుర్చీ వేసి, తాళ్ళతో నాలుగు కాళ్ళూ కట్టాడు యోసేపు. కుర్చీకి ఎదురుగా మేత తొట్టి బోర్లించి, దానిమీద గోనెసంచీ, సంచీమీద రేడియో. వెంకటనరసమ్మని ఇద్దరూ చెరో పక్కా పట్టి కూర్చోబెట్టారు. శేషారత్నం గట్టుమీదే నిలబడింది. రమ్మంటే రానంది. భర్తవైపు చూడకుండా, అత్తగారివైపు చూడకుండా, మఫ్లరు యోసేపు చేతికిచ్చి, "చలిగాలి కొడుతుంది, తలకి చుట్టు యోసేపూ. కుడిచెవి మాత్రం బయటుండాలి" అంది.

గట్టు వెనకపడేకొద్దీ రేడియోలో గర్జన గరగరైంది, గరగర గుసగుసైంది. నాచు దాటి, తూటికాడ దుబ్బులు దాటి, నీళ్ళు నిలువెత్తు లోతుకి వచ్చేసరికి ఆ గుసగుసా పోయింది. దాళ్వా వరి నారుమళ్ళ గురించి ఎవరో మాట్లాడుతున్నాడు. ఆ మాట ఎంత శుభ్రంగా వచ్చిందంటే, అతను మధ్యలో కాగితం తిప్పిన చప్పుడు కూడా వినబడింది. వెంకటనరసమ్మ చెయ్యి కుర్చీ పిడిమీంచి లేచి రేడియోమీద పడింది. తప్పిపోయి రెండేళ్ళకి ఇంటికొచ్చిన ఎద్దుని నిమిరినట్టు నిమిరింది.

"చెడిపోలేదురా ఇది" అంది.

"లేదమ్మా. ఊరే చెడిపోయింది" అన్నాడు గంగరాజు, మెకానిక్కు మాట సొంతం చేసుకొని.

గూడబాతులు బారులుబారులుగా దిగుతున్నాయి. సూర్యుడు నీళ్ళకి జానెడెత్తులో ఉన్నాడు. గంగరాజు రేడియో ముఖాన్ని పడమటికి సర్ది, బొట్లు ఉత్తరానికీ దక్షిణానికీ వచ్చాయో లేదో చూసి, తల్లి కుడిచెవి దానికి సూటిగా ఉందో లేదో చూసి, అప్పుడు ఊపిరి వదిలాడు. ఐదున్నరైంది. స్త్రీల కార్యక్రమమని చెప్పారు, కొల్లేటి వంట అని చెప్పారు, తరవాత శేషారత్నం గొంతు వచ్చింది.

ఇంట్లో రోజూ వినే గొంతే. కానీ నీళ్ళమీద, మనిషి లేకుండా గొంతొక్కటే వస్తే గంగరాజుకి కొత్తగా ఉంది. మొదట భయపడుతూ చేప కడగడం చెప్పింది, రాతిమీద ఉప్పేసి రుద్దడం చెప్పింది, చింతపండు పులుపు, బెల్లంముక్క. వెంకటనరసమ్మ కళ్ళు మూసుకొని, పాఠం అప్పజెబుతున్న పిల్ల ముందు కూర్చున్న పంతులమ్మలా ఉంది. పులుసు దించేముందు మెంతులు కలిపి దంచిన ధనియాలపొడి వెయ్యాలని చెబుతుండగా, సూర్యుడు నీళ్ళకి తగిలాడు. ఎవడో అరవంలోనో సింహళంలోనో గట్టిగా గొంతు సవరించుకొని వార్తలు మొదలెట్టాడు.

"…గుప్పెడు వెయ్యాలండి" అని మాత్రం శేషారత్నం గొంతు పైకి తేలి, మళ్ళీ మునిగింది.

గంగరాజు బిరడా పట్టుకున్నాడు. ఇటు తిప్పితే వార్తలు పెరిగాయి. అటు తిప్పితే భార్యా పోయింది, వార్తలూ పోయాయి, ఎక్కడిదో తబలా వచ్చింది. కంగారుగా వెనక్కి తిప్పాడు. మాష్టారి మాట గుర్తొచ్చి, బిరడా వదిలి రేడియోనే తిప్పాడు. గొంతు వచ్చింది. వచ్చింది గదా అని చెయ్యి తీసేలోగా పడమటిగాలికి పడవ తిరిగింది, పడవతో తొట్టి, తొట్టితో రేడియో తిరిగాయి, వార్తలవాడు మళ్ళీ దూరాడు. గంగరాజు రేడియోని ఎదురు తిప్పాడు. పడవ ఇంకాస్త తిరిగింది. అతను తిప్పేకొద్దీ కొల్లేరు తిప్పుతోంది. చలికాలంలో చెమటలు పట్టాయి. పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు పోయాయి. ఇది పోతే పదకొండేళ్ళు.

అప్పుడు వెంకటనరసమ్మ కళ్ళు తెరవకుండానే అంది.

"గరిటె పెట్టకురా. కుండ తిప్పు."

గంగరాజుకి అర్థంకాలేదు. యోసేపుకి అయింది. ఆ ఇంటి పులుసు అతను ఇరవై ఏళ్ళుగా తింటున్నాడు. ఆ పులుసులో గరిటె పెట్టరు. ముక్క చిదికిపోతుంది. కలపాలంటే కుండ అంచులు గుడ్డతో పట్టుకొని కుండనే తిప్పుతారు. యోసేపు రేడియోని వదిలెయ్యమన్నట్టు గంగరాజుకి చెయ్యూపి, గెడ బురదలో దించి, దాన్ని పొట్టకి ఆనించి, పడవని మెల్లగా, అంగుళం అంగుళం తిప్పాడు. కుర్చీ, ముసలావిడ, రేడియో, బొట్లు అన్నీ కలిసి తిరిగాయి. వార్తలవాడు నీళ్ళల్లో ముంచినట్టు పోయాడు. గెడ దిగింది, గడబిడ ఆగింది. గంగరాజు కూడా రెండో గెడ తీసుకొని అటుపక్క దించి, పడవ కదలకుండా ఒళ్ళంతా దానిమీద మోపాడు.

శేషారత్నం గొంతు ఒక్కటే మిగిలింది.

"…పెళ్ళయిన మూడో నెలండి. మా ఆయనగారి బంధువులు పదిమంది భోజనానికొచ్చారు. నేను తెలియక గరిటె పెట్టి కలిపేశాను. ముక్కంతా పిండైపోయింది. మా అత్తయ్యగారు నన్ను ఒక్కమాట అనలేదండి. వడ్డించేటప్పుడు, ఇవాళ పులుసు నేను కాశాను, కళ్ళు ఆనక గరిటె పెట్టేశాను అన్నారు. అప్పటికావిడ కళ్ళు నిక్షేపంగా ఉన్నాయండి. అందరూ ఆవిడని చూసి నవ్వారు. మర్నాడు నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, చేతులుపట్టి కుండ తిప్పడం నేర్పారు. ఊరంతా నా పులుసంటారు. తిప్పే చెయ్యి ఒక్కటే నాదండి."

గంగరాజు గెడమీదే ఉండిపోయాడు. ఆ భోజనం అతనికి గుర్తుంది. నవ్వినవాళ్ళలో తనూ ఉన్నాడు. అమ్మా, నీకు వయసు మీదపడిందే అని అందరికంటే పెద్దగా నవ్వింది తనే.

మీ అత్తగారి పేరేమిటండీ అని రేడియోలో ఆవిడ అడిగింది. గంగరాజు ఆ నవ్వు తలుచుకుంటూ పట్టు సడలించాడు. చేతిలో గెడ బెత్తెడు జారింది, పడవ బెత్తెడు తిరిగింది. శేషారత్నం చెప్పిన పేరుమీద వార్తలవాడు పడి, ఏ దేశపు వాతావరణమో గడగడా చదివేశాడు. గంగరాజు కిందామీదా పడి గెడ దించేసరికి, పేరు వెళ్ళిపోయింది, కార్యక్రమం ముగిసింది, చెరకు ధర గురించి ఎవరో మొదలెట్టారు.

"అమ్మా" అన్నాడు. "పేరు చెప్పిందమ్మా. వినబడలేదు గానీ చెప్పింది."

"నా పేరు నాకు తెలుసులేరా" అంది వెంకటనరసమ్మ. మఫ్లరు కొసతో ముక్కు తుడుచుకొంది. "ఆ గరిటె సంగతి నేను మర్చిపోయాను. అది మర్చిపోలేదు" అంది.

వెనక్కి వచ్చేటప్పుడు గెడ యోసేపు వేశాడు. రేడియో మాట్లాడింది. వార్తలవాడికి అడ్డులేకుండా పోయింది, ఎవరూ అతన్ని తిప్పలేదు. గట్టు దగ్గరపడుతుంటే శేషారత్నం కనబడింది. బయల్దేరినప్పుడు ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంది. అక్కడికి ఒక్క మాటా వినబడి ఉండదని గంగరాజుకి తోచింది. గుండ్రంగా తిరుగుతున్న పడవా, గెడలమీద వేలాడుతున్న ఇద్దరు మగవాళ్ళూ మాత్రం కనబడి ఉంటారు. ఈ పది నిమిషాలూ అద్దం అవతల కూర్చున్నది ఆమె. ఆమె గుండెలమీద చెయ్యి కూడా ఉంది. అప్పుడు తెలిసింది అతనికి, అది భయం వేసినప్పుడు ఆమె చెయ్యి పోయే చోటని.

వెంకటనరసమ్మని దించారు. ఆవిడ కొడుకు చెయ్యి వదిలి, కోడలి భుజం పట్టుకొంది.

"పొడి గుప్పెడన్నావేంటమ్మా" అంది. "గుప్పెడు వేస్తే చేదెక్కిపోదూ? ఇప్పుడు ఊళ్ళన్నీ గుప్పెడు వేసి, కొంగలలంకవాళ్ళకి వంట రాదంటాయి."

శేషారత్నం అత్తగారి మొహంలోకి చూసింది. ఏం చూసిందో గానీ, చెయ్యి గుండెలమీంచి దిగింది. "మీ గుప్పెడన్నానండీ అత్తయ్యగారూ. మా అత్తయ్యగారి గుప్పెడు చిన్నది, మీ చేత్తో వెయ్యకండి అని కూడా చెప్పాను. వినబడలేదా?"

"ఎక్కడ వినబడనిచ్చాడూ, అడ్డంగా ఎవడో మాట్లాడితే" అంది వెంకటనరసమ్మ. పిడికిలి బిగించి కోడలి ముందు పెట్టింది. శేషారత్నం తన పిడికిలి పక్కన పెట్టింది. ముసలావిడ పిడికిలి సగమే ఉంది. రెండింటినీ చూసి, ఒప్పుకున్నట్టు తలూపి, పద, చలేస్తోంది అంది.

"ఈ వేళప్పుడు కొరమీను ఎక్కడ దొరుకుతుందండీ" అన్నాడు యోసేపు, అడగవలసినదాన్ని తనవంతుగా అడుగుతూ.

"పొద్దున్నే తెప్పించాను" అంది శేషారత్నం. "చింతపండు నానబెట్టే వచ్చాను."

ఆ రాత్రి గంగరాజు వంటింట్లో పీటమీద కూర్చున్నాడు. కుండ తను తిప్పుతానన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ బాకీ నవ్వు ఒకటి ఉంది, అది వాళ్ళకి చెప్పలేదు. చేతులకి గుడ్డలు చుట్టుకొని, అంచులు పట్టుకొని, కుండ ఎత్తాడు. తల్లి కుడివైపునుంచి, కొద్దిగా వంచమంది. భార్య ఎడమవైపునుంచి, వంచొద్దండీ, గుండ్రంగా తిప్పండి అంది. వంచకుండా ఎలా తిరుగుతుందని తల్లి అంది. వంచితే ఒలికిపోతుందండీ అత్తయ్యగారూ అని భార్య అంది. నేను నేర్పినప్పుడు వంచే నేర్పాను అని ఆవిడా, మీరు వంచమన్నారు గానీ వంచలేదండీ అని ఈవిడా అన్నారు. రెండు స్టేషన్లూ ఒకే నంబరుమీద, పూర్తి బలంతో, ఒకేసారి మొదలయ్యాయి.

ఎవరు ఏమంటున్నారో ఒక్క ముక్కా తెలియడంలేదు. గంగరాజు తల ఇటూ అటూ కూడా తిప్పలేదు. కుండ మాత్రం తిప్పాడు.